కంప్యూటరులో దుబాసీలు

చెన్నపట్నంలో తరతరాలుగా కాపురమున్న తెలుగువారికి దుబాసీ అంటే యెవరో వివరించి చెప్పనక్కరలేదు. రెండు భాషలు తెలిసినవాడు దుబాసీ. 1639లో యీస్టిండియా కంపెనీవారు యీ వూరిలో కోటకు చోటు సంపాదించిన నాటినుంచీ, దొర మాట దేశస్థునికీ, దేశస్థుని మాట దొరకూ తెలియజెప్పటానికి నడుమ వొక మనిషి కావలసి వచ్చాడు. ఆ పనిలో తెలుగువారు కొందరు పేరూ గడించారు, ధనమూ గడించారు. దుబాసీ సమర్థుడైతే బేరం చక్కగా కుదిరేది. వాడు తప్పు చెప్పితే, యిటు అమ్మేవాడూ పెద్దమనిషే, అటు కొనేవాడూ పెద్దమనిషే, అయినా బేరం చెడేది.

కంప్యూటరును గురించి వ్రాస్తానని సంపాదకులకు మాట యిచ్చి, యీ దుబాసీల కథ యెందుకు మొదలుపెట్టానని చదువరులు అడగవచ్చు. మన యిండ్లలోని ప్రతి కంప్యూటరులోనూ అటువంటి దుబాసీలు పదుల కొద్దీ కొలువు చేస్తున్నారు. వారికి డ్రైవర్లని పేరు. వారిలో వొకడు దారి తప్పినందువల్ల మా అక్కయ్య మూడేండ్ల కష్టం తుడిచిపెట్టుకొని పోవలసినది. వొక చిన్న సంగతి తెలిసిన పిల్ల సమయానికి యింట్లో వుండబట్టి దక్కింది. ఆ సంగతి అందరికీ తెలిసి వుండటం మంచిదని యిది వ్రాస్తున్నాను.

అక్కయ్య పాటలు

మా అక్కయ్యది సైదాపేట. వయస్సు డెబ్బయి ఆరు. నలుగు పాట, బంతులాట పాట, తలుపు దగ్గర పాట, అప్పగింతల పాట, మంగళహారతులు — యేది కావాలన్నా మా బంధువులలో ఆమెనే పిలవాలి. ఆమె అత్తగారు ఆ పాటలన్నీ రెండు నోటు పుస్తకాలలో వ్రాసి పెట్టుకున్నారు. 2015 డిసెంబరులో అడయారు పొంగి సైదాపేట యిండ్లలోకి నీళ్ళు వచ్చినప్పుడు, ఆ పుస్తకాలున్న ట్రంకు పెట్టె రెండు రోజులు నీళ్ళలో నానింది. తీసి యెండబెట్టి చూస్తే కాగితాలు వున్నవి, అక్షరాలు లేవు. సిరా అంతా కరిగి నీలపు మరకలు మిగిలినవి.

అక్కయ్య కొన్నాళ్ళు దిగులుపడింది. తరువాత కొడుకు కొనిపెట్టిన కంప్యూటరు ముందు కూర్చుని, తనకు నోటికి వచ్చిన పాటలు వొక్కొక్కటే యెక్కించటం మొదలుపెట్టింది. వంట చేస్తుండగా వొక చరణం జ్ఞాపకం వస్తే పొయ్యి తగ్గించి వచ్చి కొట్టి వెళ్ళేది. అట్లా మూడేండ్లలో 186 పాటలైనవి. మనుమరాలి పెండ్లికి వాటిని చిన్న పుస్తకంగా అచ్చు వేయించి పసుపు కుంకుమలతోబాటు పంచాలని ఆమె సంకల్పం.

పెండ్లి నెల రోజులు వుందనగా, వొకనాటి వుదయం ఆమె కంప్యూటరు తెరిచింది. కంపెనీ గుర్తు కనిపించింది. తరువాత తెర నల్లబడింది. అంతే. మళ్ళీ ఆపి తెరిచినా అదే వరస. వీధి చివరి దుకాణం కుర్రవాణ్ణి పిలిపిస్తే, వాడు రెండు నిమిషాలు చూసి, "రాత్రి అప్‌డేట్ వచ్చింది పాట్టీ, విండోసు పోయింది. ఫార్మాటు చేయాలి. సాయంత్రానికి కొత్తదానివలె చేసి యిస్తాను" అని తమిళంలో చెప్పాడట.

అక్కయ్య నాకు టెలిఫోను చేసింది. "ఒరే, ఫార్మాటంటే యేమిట్రా? వాడు యంత్రం పట్టుకుపోతానంటున్నాడు" అన్నది.

నాకు గుండె ఝల్లుమన్నది. యెందుకంటే, 2011లో నా కంప్యూటరు మొరాయించినప్పుడు నేనూ వొక దుకాణానికి యిచ్చాను. వారు యిదే మాట చెప్పారు, నేను తల వూపాను. యంత్రం శుభ్రంగా వచ్చింది. మా నాన్నగారు తన చివరి పదేండ్లలో నాకు వ్రాసిన వుత్తరాలను ఫొటోలు తీసి అందులో దాచాను, అవి లేవు. అసలు వుత్తరాలు అంతకు ముందే చెదలు తిన్నవి. దుకాణంవారిని అడిగితే, "మీరు చెప్పలేదు కదా సార్" అన్నారు. నిజమే, నేను చెప్పలేదు. ఫార్మాటంటే పలక మొత్తం తుడవటమని నాకు అప్పుడు తెలియదు.

"అక్కయ్యా, వాణ్ణి యంత్రం ముట్టుకోనివ్వకు. నేను వస్తున్నాను" అన్నాను. వెళ్ళి చేయగలిగినది నాకేమీ లేదు. కాని అదృష్టవశాత్తు మా చెల్లెలి కూతురు బెంగుళూరునుంచి వుగాదికి వచ్చి మా యింట్లోనే వున్నది. కంప్యూటర్ల పనిలోనే వుద్యోగం. పిల్లను వెంటబెట్టుకొని బయలుదేరాను.

నడిమి మనిషి

మా మేనకోడలు ముందుగా యేమి చేసిందంటే, కీబోర్డు మీద కాప్స్ లాక్ అనే మీటను నొక్కింది. దాని దీపం వెలిగింది. మళ్ళీ నొక్కింది, ఆరింది.

"పెద్దమ్మా, యంత్రం బ్రతికే వున్నది. నా మాట వింటున్నది. నీ పాటలూ లోపలే వుండి వుంటవి. తెరకు సంగతి చేరవేసే డ్రైవరు చెడినట్లున్నది" అన్నది.

"డ్రైవరు చెడితే యింకొక డ్రైవరును పెట్టుకుంటే సరిపోదుటే?" అన్నది అక్కయ్య. ఆమె కొడుకు కారు సంగతి ఆమెకు జ్ఞాపకం వచ్చినట్లున్నది. మేము నవ్వాముగాని, తరువాత చూస్తే ఆమె చెప్పినదే వైద్యం.

డ్రైవరు అంటే వొక చిన్న ప్రోగ్రాము. దాని పని యిది. కంప్యూటరు అనే వూరిలో తెర, కీబోర్డు, మౌసు, ప్రింటరు, స్పీకరు, వైఫై — యిట్లా యెన్నో వుపకరణాలు వున్నవి. వొక్కొక్కటి వొక్కొక్క కంపెనీ చేసినది. ప్రతిదానికీ దాని భాష దానిదే. వొక కంపెనీ ప్రింటరుకు అర్థమయ్యే ఆజ్ఞ మరొక కంపెనీ ప్రింటరుకు అర్థం కాదు. విండోసు వంటి పాలక ప్రోగ్రాముకు యీ వేల భాషలన్నీ నేర్వటం సాధ్యమా? అందుకని అది, "నేను చెప్పవలసినది నా పద్ధతిలో చెబుతాను. మీ వుపకరణం భాషలోకి మార్చే దుబాసీని మీరే పంపండి" అని కంపెనీలతో వొప్పందం పెట్టుకున్నది. ఆ దుబాసీయే డ్రైవరు.

అక్కయ్య కీబోర్డు మీద "క" అని కొట్టిందనుకోండి. కీబోర్డు డ్రైవరు ఆ నొక్కుడును విండోసు భాషలో చెబుతుంది. విండోసు దానిని వ్రాత ప్రోగ్రాముకు అందజేస్తుంది. వ్రాత ప్రోగ్రాము, "యీ చోట యీ అక్షరం చూపించు" అని విండోసును అడుగుతుంది. విండోసు ఆ మాటను తెర డ్రైవరుకు చెబుతుంది. తెర డ్రైవరు దానిని బొమ్మలు గీసే చిప్పుకు అర్థమయ్యే ఆజ్ఞలుగా మారుస్తుంది. యింత తతంగమూ కన్ను మూసి తెరిచేలోగా జరిగిపోతుంది. యిందులో చివరి దుబాసీ నోరు పడిపోతే, అక్షరం యంత్రంలో వున్నా మన కంటికి తెర నలుపే.

మరి నిన్నటిదాకా బాగా మాట్లాడినవాడు యివాళ యెందుకు చెడాడు? రాత్రి వచ్చిన అప్‌డేటులో పాత డ్రైవరును తీసివేసి కొత్తది పెట్టారు. మామూలుగా కొత్తది మేలే చేస్తుంది. పాతదానిలోని తప్పులు దిద్దుతుంది, దొంగలు దూరే సందులు మూస్తుంది. కాని వేల రకాల యంత్రాలలో యే వొకదానితోనో దానికి పొత్తు కుదరదు. అక్కయ్యది అటువంటి యంత్రమైంది.

వెనక్కి నడిచే దారి

మా మేనకోడలు యంత్రాన్ని తెరవటం, గుర్తు కనిపించగానే పవర్ బొత్తాన్ని గట్టిగా నొక్కిపట్టి ఆపటం, యిట్లా రెండు మూడుసార్లు చేసింది. వరసగా యిట్లా జరిగితే విండోసు తనకు జబ్బు చేసిందని గ్రహించి, మరమ్మతు పట్టీ చూపిస్తుంది. అందులో «ట్రబుల్‌షూట్», దానిలో «అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్», దానిలో «స్టార్టప్ సెట్టింగ్స్» అని వరసగా వెళ్ళి, యంత్రం మళ్ళీ మొదలైనాక 4 అంకె నొక్కింది. తెర వెలిగింది! అక్షరాలు లావుగా, బొమ్మలు మొరటుగా వున్నవి, అయినా వెలిగింది.

దీనిని సేఫ్ మోడు అంటారు. యిందులో విండోసు అత్యవసరమైన కొద్దిపాటి డ్రైవర్లనే కొలువుకు పిలుస్తుంది. తెరకు కూడా కంపెనీ డ్రైవరును పిలవక, తన దగ్గరున్న ముతక డ్రైవరుతోనే సరిపెట్టుకుంటుంది. మామూలుగా తెరిస్తే నలుపై, సేఫ్ మోడులో వెలిగిందంటే, తప్పు డ్రైవరుదో కొత్తగా చేరిన ప్రోగ్రాముదో అని చాలవరకు అనుకోవచ్చు. యంత్రం చెడలేదు, తెర చెడలేదు.

"అయితే యిక బాగుచేసెయ్యి" అన్నాను నేను.

"ఆగు మామయ్యా" అని, తన సంచిలోని పెన్‌డ్రైవు తీసి, అక్కయ్య పాటల ఫోల్డరు మొత్తం అందులోకి నకలు చేసింది. పెన్‌డ్రైవును తన కంప్యూటరులో పెట్టి, నాలుగు పాటలు తెరిచి చూపింది. అక్షరాలన్నీ వున్నవి. అక్కయ్య అప్పుడు లేచి వెళ్ళి కాఫీ పెట్టింది.

తరువాత డివైస్ మేనేజర్ అనే చోటికి వెళ్ళింది. అది వుపకరణాల హాజరుపట్టీ వంటిది. అందులో తెరకు సంబంధించిన పేరు మీద నొక్కి, «డ్రైవర్» అన్న పుట తెరిస్తే, ఆ డ్రైవరు తేదీ, కూర్పు సంఖ్య కనిపించినవి. అక్కడే «రోల్ బ్యాక్ డ్రైవర్» అని వొక బొత్తం వుంటుంది. కొత్త దుబాసీని పంపివేసి పాత దుబాసీని పిలిపించటానికి అది. అన్నిటికంటె తేలిక వైద్యం. కాని పాత డ్రైవరు యంత్రంలో నిలవ వుంటేనే ఆ బొత్తం పని చేస్తుంది. మా ఖర్మకు అది వెలవెలబోయి వున్నది, నొక్కితే పలకలేదు.

"పోనీ, యింకొక దారి వున్నది. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు వొక పని చేసి వెళ్ళాను" అన్నది.

ఆ పని పేరు సిస్టం రిస్టోరు. 2000 సంవత్సరంలో విండోస్ మిలీనియం అనే కూర్పుతో యిది మొదలైంది. 2001లో వచ్చిన ఎక్స్‌పీతో జనానికి బాగా అలవాటైంది. దీని తత్త్వం యిది. విండోసు తన అమరికలన్నీ రిజిస్ట్రీ అనే దస్తరంలో వ్రాసుకుంటుంది. యే ప్రోగ్రాము యెక్కడ వున్నది, యే డ్రైవరు యెవరికి మాట్లాడుతున్నది అనేవన్నీ అందులో వుంటవి. అప్‌డేటుకు ముందో, కొన్ని ప్రోగ్రాములు చేరేముందో, ఆ దస్తరమూ ముఖ్యమైన ఫైళ్ళూ ఆనాడు వున్న స్థితిని గుర్తు పెట్టుకుంటుంది. ఆ గుర్తుకు రిస్టోర్ పాయింటు అని పేరు. తరువాత యేదైనా చెడితే, ఆ గుర్తు దాకా వెనక్కి నడిచి వెళ్ళవచ్చు. మనమూ కావాలనుకున్నప్పుడు గుర్తు పెట్టించవచ్చు.

అక్కయ్య యంత్రంలో నాలుగు రోజుల కిందటి గుర్తు వొకటి దొరికింది.

"నాలుగు రోజులు వెనక్కి పోతుందా? అయితే నిన్నా మొన్నా నేను యెక్కించిన పాటలు పోవుటే?" అన్నది అక్కయ్య, కాఫీ గ్లాసు చేతిలో పట్టుకొని.

చదువరులలో చాలామందికి కలిగే సందేహం యిదే. దీనికి సమాధానం గట్టిగా జ్ఞాపకం వుంచుకోవాలి. సిస్టం రిస్టోరు వెనక్కి తీసుకువెళ్ళేది యంత్రం అమరికలను — డ్రైవర్లను, ప్రోగ్రాములను, విండోసు సొంత ఫైళ్ళను. మనం వ్రాసుకున్న వుత్తరాలను, ఫొటోలను, పాటలను అది ముట్టుకోదు. యింటికి వేసిన కొత్త తలుపులూ తాళాలూ తీసి పాతవి బిగించినట్లు; బీరువాలోని చీరలు యెక్కడివక్కడే వుంటవి. అయితే ఆ నాలుగు రోజులలో కొత్తగా చేర్చిన ప్రోగ్రాములు మాత్రం పోతవి. యేవి పోతవో ముందే చూసుకోవటానికి అక్కడ వొక బొత్తం వున్నది. నొక్కితే రెండు పేర్లు వచ్చినవి: వొకటి చెడిన డ్రైవరు, రెండవది అక్కయ్య రెండు రోజుల కిందట వేయించుకున్న తెలుగు టైపు ప్రోగ్రాము.

యిక్కడ యింకొక సంగతి. విండోసు మామూలుగా తెరుచుకున్నప్పుడు రిస్టోరు చేస్తే, నచ్చకపోతే ఆ రిస్టోరును కూడా రద్దు చేయవచ్చు. సేఫ్ మోడునుంచో మరమ్మతు పట్టీనుంచో చేస్తే రద్దు చేసే వీలు లేదు. "అందుకే మామయ్యా, ముందు పాటలు పెన్‌డ్రైవులోకి తీసింది" అన్నది పిల్ల.

బొత్తం నొక్కి కూర్చున్నాము. అరగంట పట్టింది. ఆ అరగంటా యంత్రాన్ని ఆపకూడదు, కరెంటు తీయకూడదు. సైదాపేట కరెంటు మీద భారం వేసి ముగ్గురమూ తెర వైపే చూస్తూ వుండిపోయాము. చివరకు యంత్రం తనంతట తాను ఆగి, మళ్ళీ మొదలై, మనుమరాలి నిశ్చితార్థం ఫొటోతో వెలిగింది.

పాటలన్నీ వున్నవి. నిన్నటి పాటా వున్నది. టైపు ప్రోగ్రాము లేదు. అక్కయ్య "శ్రీ" కొడదామంటే ఇంగ్లీషు అక్షరాలు పడినవి. దానిని తిరిగి చేర్చటం అయిదు నిమిషాల పని. ఆ రాత్రే విండోసు మళ్ళీ ఆ చెడు డ్రైవరునే తెచ్చి పెట్టకుండా అప్‌డేట్లను వొక వారం నిలిపివేసి, యంత్రం చేసిన కంపెనీవారు యిచ్చే డ్రైవరును తెప్పించి వేసింది. తరువాత అప్‌డేట్లను మళ్ళీ సాగనిచ్చింది. వెనక్కి నడిచినప్పుడు రక్షణ కోసం వచ్చిన దిద్దుబాట్లు కూడా పోయే అవకాశం వున్నది. కాబట్టి వెనుకటి స్థితిలోనే శాశ్వతంగా వుండిపోకూడదు.

గర్భగుడిలోకి వెళ్ళేవారు

వొక చిన్న ప్రోగ్రాము తప్పుకు యంత్రమంతా యెందుకు కూలబడాలి అని నాకు సందేహం కలిగింది. అడిగితే మా మేనకోడలు యిట్లా చెప్పింది. మనం వాడే మామూలు ప్రోగ్రాములు గుడిలో మండపం దాకా వచ్చే భక్తులవంటివి. వారిలో వొకరు సొమ్మసిల్లితే పక్కకు తీసుకుపోయి నీళ్ళు చల్లుతారు, పూజ సాగుతూనే వుంటుంది. డ్రైవర్లలో చాలావాటికి వుపకరణాలను నేరుగా ముట్టుకోవలసిన పని వుండటంవల్ల గర్భగుడిలోకి ప్రవేశం వున్నది. దానిని కెర్నెలు అంటారు. అక్కడ తప్పు జరిగితే పూజే ఆగిపోతుంది. అందుకే విండోసు అక్కడికి యెవరిని పడితే వారిని రానివ్వదు. 64 బిట్ల విండోసులో, విస్టా కాలంనుంచీ, కెర్నెలులోకి వచ్చే డ్రైవరుకు ముద్ర వేసిన సంతకం వుండి తీరాలి. సంతకం వలన వచ్చినవాడు యెవరో తెలుస్తుంది. వాడు తప్పు చేయడని మాత్రం హామీ లేదు.

దీనికి లోకమంతా చూసిన తార్కాణం వున్నది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా కంపెనీ, కంప్యూటర్లను కాపలా కాసే తన ప్రోగ్రాముకు వొక చిన్న సమాచారపు ఫైలు పంపింది. ఆ ఫైలులో తప్పు వున్నది. దానిని చదివే డ్రైవరు కెర్నెలులో వున్నది. చదవగానే యంత్రాలు నీలి తెర చూపి కూలినవి. మళ్ళీ తెరిస్తే మళ్ళీ కూలినవి. 85 లక్షల విండోసు యంత్రాలకు యీ గతి పట్టిందని మైక్రోసాఫ్టు అంచనా వేసింది. అది లోకంలోని విండోసు యంత్రాలలో నూటికి వొకటి కూడా కాదు. అయినా విమానాలు ఆగినవి, ఆసుపత్రులు తడబడినవి, మన దేశపు విమానాశ్రయాలలో ప్రయాణికులకు బోర్డింగు పాసులు చేతితో వ్రాసి యిచ్చారు. కంపెనీ 78 నిమిషాలలో ఆ ఫైలును వెనక్కి తీసుకున్నది. కాని అప్పటికే పడిపోయిన యంత్రాలు కొత్త ఫైలు తెచ్చుకొనే స్థితిలో లేవు. చాలా చోట్ల మనుషులు వొక్కొక్క యంత్రం దగ్గరకు వెళ్ళి, సేఫ్ మోడులోనో మరమ్మతు పట్టీలోనో తెరిచి, ఆ వొక్క ఫైలును తీసివేయవలసి వచ్చింది. చెడినది వొక్క ఫైలు. తీసివేసినదీ వొక్క ఫైలే. అందులోని పత్రాలను తుడిచివేయవలసిన పని లేకపోయింది.

గోరూ గొడ్డలీ

గోటితో పోయేదానికి గొడ్డలి దేనికని పెద్దలు అంటారు. కంప్యూటరు వైద్యంలో వరస యిది. మొదటిది డ్రైవరును మాత్రం వెనక్కి తీయటం. రెండవది సిస్టం రిస్టోరు. మూడవది «రీసెట్», యిందులో మన ఫైళ్ళు వుంచమని కోరవచ్చు, కాని మనం చేర్చుకున్న ప్రోగ్రాములు పోతవి. అన్నీ తీసివేయమని కోరితే అన్నీ పోతవి. నాలుగవది ఫార్మాటు. అది గొడ్డలి. దుకాణంవారు గొడ్డలినే ముందు యెత్తటంలో వారి తప్పు పూర్తిగా లేదు. అది వారికి తేలిక, ఫలితం ఖాయం. లోపల యేమున్నదో వారికి తెలియదు. తెలిసినది మనకు. కాబట్టి యంత్రం అప్పగించేముందు, "నా ఫైళ్ళు ముందు బయటికి తీసి నాకు చూపించండి. తరువాతనే చేయి వేయండి" అని చెప్పవలసినది మనమే.

చదువరులు యీ సెలవు రోజున చేయదగిన పనులు మూడు వున్నవి.

మొదటిది: విండోసులో వెతికే చోట «క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్» అని కొట్టి చూడండి. «సిస్టం ప్రొటెక్షన్» అనే పుట వస్తుంది. సీ డ్రైవు పక్కన «ఆఫ్» అని వుంటే, «కాన్ఫిగర్» నొక్కి ఆన్ చేయండి. యిది చాలా యంత్రాలలో మొదటినుంచీ ఆపివేసే వుంటుంది. ఆపి వున్నదానికి గుర్తులు వుండవు, గుర్తులు లేనిదే వెనక్కి నడవటం లేదు. ఆన్ చేసినాక «క్రియేట్» నొక్కి వొక గుర్తు పెట్టండి. కొత్త ప్రింటరు కొన్నా, కొత్త ప్రోగ్రాము చేర్చినా, ముందు వొక గుర్తు పెట్టటం అలవాటు చేసుకోండి. విండోసు 11 కొత్త కూర్పులలో, 2025 జూన్ నుంచి, యీ గుర్తులు 60 రోజులకు మించి నిలవవు. అందుకని వొకసారి పెట్టి మరిచిపోరాదు.

రెండవది: కొన్ని యంత్రాలలో లోపలి డిస్కుకు బిట్‌లాకర్ అనే తాళం వుంటుంది. మరమ్మతు పట్టీలోకి వెళ్ళినప్పుడు అది 48 అంకెల సంఖ్య అడుగుతుంది. ఆ సంఖ్యను యంత్రం బాగున్నప్పుడే కనుక్కొని, కాగితం మీద వ్రాసి, యింటి పత్రాలతో దాచండి. అది లేకపోతే యింత విద్యా వాకిట్లోనే ఆగిపోతుంది.

మూడవది అన్నిటికంటె ముఖ్యం. రిస్టోర్ పాయింటు మీ ఫొటోలకూ వ్రాతలకూ నకలు కాదు. పొరపాటున తుడిచిన ఫైలును అది తిరిగి తేలేదు. పైగా ఆ గుర్తులు వుండేది కూడా ఆ డిస్కులోనే. డిస్కు చచ్చిపోతే గుర్తులూ దానితోనే పోతవి. కాబట్టి ముఖ్యమైనవాటికి వేరొక చోట నకలు వుండాలి. వొకటి యింట్లో పెన్‌డ్రైవులో, వొకటి వేరే వూరిలోని కూతురి దగ్గరో మేనల్లుడి దగ్గరో వుంటే, వరద వచ్చినా చెద పట్టినా భయం లేదు.

యిప్పుడు అక్కయ్య పాటలు మూడు చోట్ల వున్నవి: ఆమె కంప్యూటరులో, మా బీరువాలో, బెంగుళూరులో మేనకోడలి దగ్గర. పెండ్లి బాగా జరిగింది. పుస్తకం పంచిపెట్టాము. అప్పగింతల వేళ పెండ్లికూతురు తానే పుస్తకం తెరిచి, కూడబలుక్కుంటూ, అమ్మమ్మతోబాటు పాడింది. మరునాడు అక్కయ్య నాకు టెలిఫోను చేసి, "ఒరే, రాత్రి యింకొక నలుగు పాట జ్ఞాపకం వచ్చింది. యెక్కించాను. పెన్‌డ్రైవు పట్టుకొని రా" అన్నది. వెళ్ళి వచ్చాను. 187 అయినవి.